తినాలనిపించినప్పుడు – 3వ పాఠం: సాయంత్రం ఐదింటి బజ్జీ

పోయిన రెండు పాఠాల్లో పుస్తకంలో రాసుకోవడం మొదలెట్టాం కదా, ఏం తినాలనిపించింది, ఎన్నింటికి, అప్పుడేం చేస్తున్నారు అని. ఇప్పుడు అది తీసి చూడండి, చాలామందికి నాలుగున్నర నుంచి ఆరు మధ్యే ఎక్కువ కనబడుతుంది. ఆఫీసులో టీ టైమ్, దారిలో బజ్జీల బండి, ఇంట్లోనే ఉంటే జంతికల డబ్బా. అందుకే ఈసారి పాఠమంతా ఆ గంటన్నర మీదే.

ముందు ఒక చిన్న పరీక్ష. ఆకలి రుచెరగదు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. బజ్జీ మీదకి మనసు పోగానే, ఇప్పుడెవరైనా గిన్నెలో పెరుగన్నం కలిపిస్తే తింటానా అని అడిగి చూసుకోండి. తింటాను అనిపిస్తే అది ఆకలే, ఇంక టెక్నిక్కులేం వద్దు, తినెయ్యండి. మధ్యాహ్నం పన్నెండున్నరకి కాస్తంత చారన్నంతో లేచినవాళ్ళకి ఐదింటికి ఆకలెయ్యక ఏమవుతుంది చెప్పండి, నాలుగింటికే గుప్పెడు ఉడకబెట్టిన శనగలో పల్లీలో తింటే సగం గొడవ అక్కడే తీరిపోద్ది. అలా కాకుండా, "పెరుగన్నం ఎవడిక్కావాలి, మిర్చి బజ్జీయే కావాలి, అదీ మధ్యలో చీరి ఉల్లిపాయ ముక్కలు పెట్టి నిమ్మకాయ పిండింది" అన్నారనుకోండి, అది క్రేవింగ్.

చూశారా, చీరడం, ఉల్లిపాయలు, నిమ్మకాయ... బజ్జీ కళ్ళకి కట్టేసింది, నోరు కూడా ఊరే ఉంటుంది. క్రేవింగ్‌కి చాలావరకు బలం ఈ బొమ్మే. ఇంగ్లండ్‌లో ప్లిమత్ యూనివర్సిటీ సైకాలజిస్టులు దీని మీద చాలా పని చేశారు, 2015లో వచ్చిన వాళ్ళ స్టడీలో కాలేజీ స్టూడెంట్లకి ఐపాడ్లిచ్చి, మామూలుగా రోజు గడుస్తుండగానే మధ్యమధ్యలో మూడేసి నిమిషాలు టెట్రిస్ అనే వీడియో గేమ్ ఆడిస్తే కోరిక తీవ్రత ఐదో వంతు దాకా తగ్గింది. గేమ్‌లో ముక్కల్ని కళ్ళతో తిప్పుతూ ఉంటే బుర్రలో బజ్జీ బొమ్మకి చోటు దొరకదు, అంతే సంగతి. తగ్గింది అన్నాను, పోయింది అనలేదు, అది గుర్తుంచుకోండి. "బజ్జీ గురించి ఆలోచించను, ఆలోచించను" అని నోరు కట్టుకుని కూర్చుంటే మాత్రం అదే ఇంకా ఎక్కువ గుర్తొస్తుంది.

టెట్రిస్సే అక్కర్లేదు. ముగ్గులు వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకుని మనసులోనే ఒక చుక్కల ముగ్గు వెయ్యండి, ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చేదాకా, తర్వాత ఒక్కో గీత కలుపుతూ. చుక్క తప్పిందా, మళ్ళీ మొదటినుంచి. ముగ్గులు రానివాళ్ళు చిన్నప్పటి స్కూల్‌కి నడిచెళ్ళే దారిని షాపు షాపుగా గుర్తు తెచ్చుకోండి, కానీ దారిలో స్వీట్ షాపుంటే ఆ వీధి వదిలెయ్యండి బాబూ.

మూడు నిమిషాలయ్యాక కూడా కావాలనే ఉందా, తినండి. కాకపోతే బండి దగ్గర నిలబడి పేపర్లోంచి, ఫోన్ చూస్తూ కాదు, రెండే తెచ్చుకుని ప్లేట్లో పెట్టుకుని కూర్చుని తినండి. నా దృష్టిలో అలా తిన్న రెండు బజ్జీలు ఓటమేం కాదు, చూడకుండా లాగించిన ఆరు బజ్జీలతోనే అసలు తంటా. జంతికల డబ్బా కూడా డైనింగ్ టేబుల్ మీంచి తీసి అటక మీద పెట్టండి, అత్తగారు అడిగితే చీమలు పడుతున్నాయని చెప్పండి.

రెండు జాగ్రత్తలు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళకి వణుకు, చెమటలు, గుండెదడతో తీపి తినాలనిపిస్తే అది షుగర్ పడిపోవడం కావచ్చు, అప్పుడు ముగ్గులూ గిగ్గులూ పెట్టుకోవద్దు, వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగండి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చెక్ చేసుకోండి. ఇక బలపాలు, పచ్చి బియ్యం, ఐసు ముక్కలు తినాలనిపించేవాళ్ళు, సిగ్గుపడి దాచుకోకండి, ఐరన్ తక్కువైతే అలా అనిపించడం మామూలే, డాక్టర్‌కి చెప్పి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) టెస్టులు చేయించుకోండి.

ఈ వారం హోంవర్క్: పుస్తకంలో ఇంకో రెండు గళ్ళు గీయండి, ముగ్గుకి ముందు కోరిక పదికి ఎంతుంది, తర్వాత ఎంతుంది అని. తిన్నా సరే, నంబర్లు మాత్రం రాయాలి. నాలుగో పాఠంలో రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు తీసేవాళ్ళ సంగతి చూద్దాం.