వానల్లో ఫోనో ప్రీఆంప్ కట్టేవాళ్లు చూసుకోవాల్సినవి

తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. అటక మీది టర్న్‌టేబుల్ దించి, తాత కొన్న కీర్తనల ఎల్పీలు మళ్లీ వినాలనిపించే రోజులివి. దానికి ఫోనో ప్రీఆంప్, అంటే సూది నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే చిన్న ఆంప్లిఫయర్, సొంతంగా కడుతుంటే అన్నిటికన్నా ముందు బాస్ వైపు జాగ్రత్తపడండి.

ఎల్పీ కోసేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచుతారు. మన సర్క్యూట్ దాన్ని తిరగేయాలి. 1954 నుంచి స్థిరపడిన ఆర్‌ఐఏఏ (ఎల్పీలు కోయడానికీ, వినడానికీ వాడే ప్రమాణం) లెక్కలో 3180, 318, 75 మైక్రోసెకండ్లు ఉంటాయి. అంటే సుమారు 50, 500, 2122 హెర్ట్జ్ దగ్గర మలుపులు. మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూది కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) ఇచ్చే 5 మిల్లీవోల్టులను 1000 హెర్ట్జ్ దగ్గర నూరు రెట్లు పెంచితే, 50 హెర్ట్జ్ దగ్గర అది ఏడొందల రెట్లవుతుంది. మన కరెంటూ సరిగ్గా 50 హెర్ట్జే. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌ను బోర్డున్న పెట్టెలో పెట్టకండి. నేను పెట్టి, 'గుయ్' మోత పోక రెండు రాత్రులు కెపాసిటర్లు మారుస్తూ కూర్చున్నాను. ట్రాన్స్‌ఫార్మర్‌ను మూరెడు దూరం జరిపాక మోత తగ్గింది.

మోత పోవాలని ప్లగ్గులో ఎర్త్ వైరు మాత్రం ఎప్పుడూ తీసేయకండి. తడి నేల, తడి చేతులు ఉండే కాలం, ప్రాణం పోతుంది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నని ఎర్త్ తీగను ప్రీఆంప్ పెట్టె స్క్రూకు బిగించండి, చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది. పాత ఇళ్లలో మూడో పిన్నుకు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించుకోండి.

వంగిన ఎల్పీ సూదిని పైకీ కిందికీ ఊపుతుంది. ఆ ఊపు 10 హెర్ట్జ్ లోపే ఉంటుంది కాబట్టి చెవికి వినపడదు, స్పీకర్ కోన్ మాత్రం ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. 20 హెర్ట్జ్ కిందివాటిని గట్టిగా తగ్గించే మూడో ఆర్డర్ ఫిల్టర్ పెడితే 10 హెర్ట్జ్ 18 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్‌తో సరిపెట్టుకుంటే తగ్గేది 7 మాత్రమే. ఇక్కడ పొదుపు చేయకండి.

రెసిస్టర్లు 1 శాతం మెటల్ ఫిల్మ్‌వి, కెపాసిటర్లు పాలీప్రొపిలీన్‌వి తీసుకుని, మీటర్‌తో కొలిచి జత కలపండి. చిన్న సిరామిక్ బిళ్లలు ఈ చోట వద్దు, చాలా రకాల్లో వేడికీ వోల్టేజికీ విలువ మారుతుంది. ఇన్‌పుట్‌లో 47 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టాక కేబుల్ పొడవు కూడా చూసుకోండి, కేబుల్ పెరిగితే కెపాసిటెన్సూ పెరుగుతుంది. 500 మిల్లీహెన్రీల కార్ట్రిడ్జ్‌కు మొత్తం 300 పికోఫారడ్లు తగిలితే 13 కిలోహెర్ట్జ్ దగ్గర రెసొనెన్స్ వస్తుంది, కీర్తనల్లోని కంచు తాళాల శబ్దం గరగరలాడొచ్చు.

ఉరుములు మొదలవకముందే ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు వాల్యూమ్ సున్నాలో పెట్టండి. గీతలు పడ్డా బాధ లేని ఎల్పీతో పరీక్షించండి, తాతగారివి తర్వాత.