పాప మచ్చలు తగ్గాక అమ్మ చూసుకోవాల్సినవి

మాది చిత్తూరు. మా పాపకు నెల నిండకముందే కళ్ల చుట్టూ, నుదుటి మీద ఎర్రటి గుండ్రటి మచ్చలు వచ్చాయి. ఒకరు తామర అన్నారు, ఇంకొకరు అక్కి రాయించమన్నారు. గ్రహణం నాడు నేను బయటికి వచ్చానేమోనని మా అత్తమ్మ కుమిలిపోయింది. అవేవీ కారణం కాదు. నా రక్తంలో ఉన్న రో, లా అనే యాంటీబాడీలు (రోగనిరోధక శక్తి పొరపాటున సొంత ఒంటి మీదికే తయారుచేసేవి) మాయ దాటి పాపలోకి వెళ్లాయి. దీన్నే నియోనేటల్ లూపస్, అంటే పసికందుల్లో వచ్చే లూపస్ అంటారు. ఆ యాంటీబాడీలు బిడ్డ సొంతం కావు కాబట్టి ఆరు నుంచి ఎనిమిది నెలల్లో పోతాయి, వాటితోపాటే మచ్చలూ పోతాయి. తల్లి ఒంట్లో మాత్రం అవి తయారవుతూనే ఉంటాయి. మచ్చలు పోయాక ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తరు. తల్లి తన గురించి ఆలోచించాల్సిన సమయం అదే.

ముందు బిడ్డ సంగతి. ఈసీజీ, రక్తకణాలు, లివర్ పరీక్షలు అయ్యాయో లేదో డాక్టర్ని అడగండి. మన వైపు పసిబిడ్డకు నూనె రాసి పొద్దుటి ఎండలో పడుకోబెడతారు. ఈ బిడ్డలకు ఎండ తగిలితే మచ్చలు ఎక్కువవుతాయి. పెద్దవాళ్లకు నెమ్మదిగా చెప్పి ఆ అలవాటు ఆపించండి.

ఇక మీ పరీక్షలు. ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష (ఇలాంటి యాంటీబాడీలు ఉన్నాయేమో వెతికేది) ఒక్కటే చేయించి, నెగటివ్ వచ్చిందని ఊరుకోవద్దు. రో యాంటీబాడీ ఉన్న కొందరిలో ఏఎన్‌ఏ నెగటివ్‌గానే వస్తుంది. ఏఎన్‌ఏ ప్రొఫైల్, అంటే ఒక్కో యాంటీబాడీని విడిగా చూసే పరీక్ష రాయమని అడగండి. రిపోర్టులో ఎస్‌ఎస్‌-ఎ, రో-52, ఎస్‌ఎస్‌-బి అనే వరసలు చూడండి (మొదటి రెండూ రోకు, మూడోది లాకు పేర్లు). ఆ కాగితం తీసుకుని రుమటాలజిస్ట్ (కీళ్లు, ఇలాంటి రోగనిరోధక జబ్బులు చూసే డాక్టర్) దగ్గరికే వెళ్లాలి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ డాక్టర్ ఉన్నారేమో అడగండి, చిత్తూరు వాళ్లకు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి కూడా దగ్గరే. "నాకేం నొప్పి లేదు కదా, ఎందుకు వెళ్లడం" అని మీకే అనిపించవచ్చు. ఇలాంటి బిడ్డల తల్లుల్లో సుమారు సగం మందికి కాన్పు నాటికి ఏ లక్షణమూ ఉండదు. వాళ్లలో కొందరికి తర్వాతి ఏళ్లలో షోగ్రెన్స్ (కళ్లు, నోరు ఎండిపోయే జబ్బు) గానీ లూపస్ (చర్మం, కీళ్లు, కిడ్నీల మీద రోగనిరోధక శక్తే దాడి చేసే జబ్బు) గానీ బయటపడుతుంది. ఎప్పటికీ ఏమీ రానివాళ్లూ ఉన్నారు. మీరు ఎటువైపో ఇప్పుడే చెప్పలేరు కాబట్టి గమనిస్తూ ఉండాలి.

గమనించడం ఎలాగంటే, ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. బాలింత నీరసం, నిద్రలేమి, జుట్టు రాలడం అందరికీ ఉండేవే కాబట్టి వాటి వెనక అసలు జబ్బు దాక్కుంటుంది. నేను రాసుకునేవి ఇవి: కళ్లలో ఇసుక పడ్డట్టు ఉందా, బొరుగులు నీళ్లు తాగకుండా మింగగలుగుతున్నానా, పళ్లు ఉన్నట్టుండి పుచ్చుతున్నాయా. పొద్దున లేచాక వేళ్లు అరగంటకు పైగా బిగుసుకుని ఉంటున్నాయా. ఎండలో బస్సు కోసం నిలబడిన రోజు బుగ్గలు ఎర్రబడ్డాయా, చన్నీళ్లలో గిన్నెలు తోముతుంటే వేళ్లు తెల్లగా పాలిపోతున్నాయా. నోట్లో పుండ్లు వస్తే ఆ తేదీ కూడా రాస్తాను. డాక్టర్ దగ్గర గుర్తుతెచ్చుకుని చెప్పడం కంటే ఇది చూపించడం చాలా మేలు. మూత్రం నురగగా పోతున్నా, కాళ్లు, మొహం వాస్తున్నా మాత్రం రాసుకుంటూ కూర్చోవద్దు, వెంటనే వెళ్లండి. అది కిడ్నీకి సంబంధించింది కావచ్చు. కీళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి మాత్రలు వాడటం అసలు మంచిది కాదు. ఏమీ లేకపోయినా డాక్టర్ చెప్పిన గడువుకు బీపీ, రక్తం, మూత్రంలో ప్రోటీన్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకుంటూ ఉండండి.

రెండో బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే చెప్పాలి. రో యాంటీబాడీ ఉన్న తల్లుల్లో నూటికి ఒకరిద్దరి బిడ్డలకే గుండె లయ దెబ్బతింటుంది, అంటే హార్ట్ బ్లాక్ వస్తుంది. ఒక బిడ్డకు ఇప్పటికే హార్ట్ బ్లాక్ వచ్చి ఉంటే తర్వాతి కాన్పులో ఆ ముప్పు నూటికి 18 దాకా ఉంటుంది. మచ్చలు మాత్రమే వచ్చినా ముప్పు బాగా పెరుగుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర గర్భం పదో వారంలోపే మొదలుపెడితే ఈ ముప్పు తగ్గుతుంది. అంతకుముందు బిడ్డకు హార్ట్ బ్లాక్ వచ్చిన తల్లుల మీద చేసిన ప్యాచ్ అనే అధ్యయనం 2020లో వెలువడింది. అందులో 18 శాతం దాకా ఉంటుందనుకున్న ముప్పు ఈ మాత్రతో 7.4 శాతానికి వచ్చింది. పదహారో వారం నుంచి ఇరవై ఆరో వారం దాకా కడుపులోని బిడ్డ గుండెకు ఫీటల్ ఎకో అనే స్కాన్ ఎన్నాళ్లకోసారి తీయాలో కాన్పు డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి. పూర్తి హార్ట్ బ్లాక్ వచ్చాక వెనక్కి తిప్పలేరు. అందుకే ఆ వారాల్లో స్కాన్ వాయిదా వేయకండి, ఇంట్లో పెళ్లి ఉన్నా సరే.

హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర మొదలుపెడితే పాలు మాన్పించమని ఇంట్లో అంటారు. అక్కర్లేదు, పాలివ్వొచ్చు. ఈ మాత్ర వాడుతుంటే కంటి రెటీనా పరీక్ష మాత్రం మొదటి ఏడాదిలోనే ఒకసారి చేయించుకుని, తర్వాత ఎప్పుడు రావాలో అక్కడే రాయించుకోండి.