ఆల్బర్ట్ జ్ఞాపికల సేకరణ – పాఠం 3: పేరు చదివి కాలం పట్టుకోవడం

పోయిన పాఠంలో స్టాఫర్డ్‌షైర్ బొమ్మల (ఇంగ్లండ్‌లోని ఆ ప్రాంతపు పింగాణీ బొమ్మల) వీపు ఎందుకు చదునుగా ఉంటుందో చూశాం. ఈసారి బొమ్మను పక్కనపెట్టి అక్షరాల దగ్గరికి వద్దాం. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ జ్ఞాపిక ఏది చేతికొచ్చినా ముందు మొహం చూడకండి, దాని మీద ఏం రాసుందో చదవండి. కప్పుల మీదా పళ్ళేల మీదా మొహాలు చాలాసార్లు ఊహించి వేసినవే. పేరు మాత్రం అప్పటి వాడుక ప్రకారం రాసేవారు.

మూడు తేదీలు కంఠతా రావాలి. 1840 ఫిబ్రవరి 10న పెళ్ళి. 1857 జూన్‌లో 'ప్రిన్స్ కన్సార్ట్' (రాణి భర్త అయిన యువరాజు) బిరుదు. 1861 డిసెంబరు 14న విండ్సర్ కోటలో మరణం, అప్పటికి ఆయనకు 42 ఏళ్ళే. పెళ్ళయ్యాక 17 ఏళ్ళ దాకా ఆ బిరుదు లేదన్నదే మనకు పనికొచ్చే విషయం. 'ప్రిన్స్ కన్సార్ట్' అని ఉన్న వస్తువు చాలావరకు 1857కి ముందుది కాదు. పేరు ముందు 'లేట్' అని ఉంటే అది ఆయన పోయాక చేసింది. అయితే ఈ సూత్రం ఒకవైపే పనిచేస్తుంది. ఉత్త 'ప్రిన్స్ ఆల్బర్ట్' అని ఉన్నంత మాత్రాన 1857కి ముందుదని తేల్చేయకూడదు. జనం పాత పేరు అంత త్వరగా వదలరు కదా.

దీనికి మంచి ఉదాహరణ ఇంగ్లండ్‌లోని ఫెంటన్‌లో ప్రాట్ అనే పింగాణీ కంపెనీ వాళ్ళు చేసిన రంగుల జాడీ మూత. అప్పట్లో రొయ్యల ముద్ద, జుట్టుకు రాసుకునే ఎలుగుబంటి కొవ్వు లాంటివి చిన్న పింగాణీ జాడీల్లో అమ్మేవారు. వాటి మూతల మీద రంగుల బొమ్మలు అచ్చువేసేవారు. ఆ వరసలో 'ది లేట్ ప్రిన్స్ కన్సార్ట్' అన్న మూత ఉంది. ఆ 'లేట్' అన్న ఒక్క మాటతో అది 1861 చివరి తర్వాతిదని తెలిసిపోతుంది. అలాంటి మూతను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. బొమ్మ అంచు దగ్గర కొన్నిటికి చిన్న చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో రంగూ విడిగా అచ్చువేసేటప్పుడు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడానికి పెట్టుకున్న గుర్తులవి. నాకు వీటిని చూడటమంటే ఎంత ఇష్టమో! పనివాడి చెయ్యి అక్కడే ఆగినట్టుంటుంది.

మెడళ్ళలో 1851లో లండన్ హైడ్ పార్క్‌లో జరిగిన మహా ప్రదర్శన ('గ్రేట్ ఎగ్జిబిషన్') మెడల్‌తో మొదలుపెట్టడం మంచిది. ప్రదర్శనలో వస్తువులు పెట్టినవాళ్ళకిచ్చిన కంచు మెడల్ మీద ఆల్బర్ట్ ఒక్కడి తలే ఉంటుంది, చెక్కింది విలియం వైయన్. దాని అంచును నెమ్మదిగా తిప్పుతూ చదవండి. ఏ విభాగం, ఎన్నో నంబరు అన్నది అక్కడ ఉంటుంది. దాన్ని బట్టి ప్రదర్శన కేటలాగులో ఆ మనిషెవరో వెతకొచ్చు.

ఇప్పుడు మన దేశంలో కొనేవాళ్ళకు ముఖ్యమైన జాగ్రత్త. మొదట్లో ఒక అమ్మకందారు 'ఇది రాణిగారి భర్తది' అంటే నమ్మి ఒక మెడల్ కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే 'ఆల్బర్ట్ ఎడ్వర్డ్, ప్రిన్స్ ఆఫ్ వేల్స్, 1875' అని ఉంది. అంటే కొడుకు! 1875–76లో ఆయన ఇండియాకు వచ్చినప్పటిది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. జైపూర్ ఆల్బర్ట్ హాల్‌కు పెట్టింది కొడుకు పేరు, 1876లో పునాదిరాయి వేసింది ఆయనే. లండన్‌లో 1871లో తెరిచిన రాయల్ ఆల్బర్ట్ హాల్ తండ్రిది. 1889–90లో ఇండియా తిరిగిన ఆల్బర్ట్ విక్టర్ మనవడు. అందుకే 'ఆల్బర్ట్' దగ్గర ఆగిపోకుండా తర్వాతి మాట కూడా చదవండి.

చదవడం అయ్యాక వస్తువు తిరగేయండి. అడుగున 'ఇంగ్లండ్' అని ఉంటే చాలావరకు 1891 తర్వాతిదే. డైమండ్ ఆకారం గుర్తు ఉంటే ఆ వస్తువు నమూనా (డిజైన్) బ్రిటన్‌లో 1842–83 మధ్య రిజిస్టర్ అయింది. 1867 వరకు దాని పైమూలలో ఉండే అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది: 1851కి 'పి', 1861కి 'ఆర్'. అది నమూనా రిజిస్టరైన ఏడాది మాత్రమే, వస్తువు ఆ తర్వాత ఎన్నేళ్ళకైనా చేసి ఉండొచ్చు.

ఈ వారం అభ్యాసం: ఏదైనా వేలం కేటలాగులో ఆల్బర్ట్ పేరున్న వస్తువులు పది తీసుకోండి. బొమ్మను చేత్తో మూసి, రాసిన మాటలను బట్టే ఒక్కోదాని కాలం నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత వాళ్ళిచ్చిన వివరంతో పోల్చండి. తేడా వచ్చిన చోట గుర్తు పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఇంగ్లండ్‌లోని విట్బీలో దొరికే 'జెట్' అనే నల్లరాయితో చేసిన శోకాభరణాలకు (ఎవరైనా పోయినప్పుడు పెట్టుకునే నగలకు), నల్లటి గాజుతో చేసినవాటికి తేడా చూద్దాం. ఒక తెల్లటి మెరుపులేని పింగాణీ పెంకు దగ్గర పెట్టుకోండి, గీసి చూడటానికి కావాలి.