పెయింట్ వేసిన రేకుకి రబ్బరు బీడింగ్ అంటించడం: నా అనుభవం

కారు డోరు బీడింగ్‌కి నియోప్రీన్ కాంటాక్ట్ సిమెంటే (రెండు వైపులా రాసి, కాస్త ఆరాక నొక్కి అంటించే రబ్బరు జిగురు) సరైనది. సూపర్ గ్లూ వెంటనే పట్టేస్తుంది కానీ పెళుసుగా మారి, డోరు అదురుకి పగులుతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ అసలొద్దు, పెయింట్ గీసుకుపోయిన చోట రేకుకి తుప్పు పట్టిస్తుంది.

పాత జిగురు గీకేసి, రేకునీ బీడింగ్‌నీ రెండింటినీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. థిన్నర్‌తో తుడిస్తే రంగు లేచిపోవచ్చు. బీడింగ్ రబ్బరుని, రేకుకి అంటుకునే వైపు మాత్రం, 180 నంబరు ఎమెరీ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్దాలి. ఇది వదిలేస్తే ఎంత మంచి జిగురైనా పొరలా ఊడొస్తుంది. జిగురు పెయింట్‌ని తింటుందేమో ముందు కనపడని మూల చూసుకోండి. రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటకుండా బంకబంకగా తగిలేదాకా, సుమారు 10 నిమిషాలు ఆగి నొక్కాలి. బీడింగ్‌ని సాగదీసి అంటించొద్దు, తర్వాత ముడుచుకుని మూలల్లో లేస్తుంది. 24 గంటలు డోరు గట్టిగా వేయొద్దు.