ఆశ్రమశాలలో పిల్లల రక్తం తీసే ముందు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అహేరి వైపు సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బు) మీద స్టడీ చేద్దామని వచ్చేవాళ్లు హెడ్‌మాస్టర్ సరేనన్నాడు కదా అని సిరంజి బయటికి తీయకండి. ఆయన బడిలోకి రానిస్తాడు, అంతవరకే. ఒప్పుకోవాల్సింది తల్లిదండ్రులు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు కూడా, హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు కింద 10–14 ఏళ్ల ఆడపిల్లలకు సూదులు వేసినప్పుడు చాలా ఫారాల మీద వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగానే ఏకిపారేసింది.

తల్లిదండ్రులు దొరకరు సార్ అంటారు. నిజమే, మిర్చి ఏరడానికి గోదారి అవతలికి పోతారు, ఎండాకాలం తునికాకు రోజుల్లో తెల్లారేసరికి అడవిలో ఉంటారు. అయితే పొద్దుగూకాక వెళ్లండి, లేదంటే పిల్లలు సెలవులకు ఇంటికొచ్చేదాకా ఆగండి. మీ డెడ్‌లైన్ వాళ్ల బాధ కాదు.

ఫారం మరాఠీలో ఒక్కటే తెస్తే లాభం లేదు. తెలుగులోనూ రాయించి ముందే ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే సంఘం) ఆమోదం తీసుకోండి, గోండి మాట్లాడే ఇళ్లకు ఆ భాష వచ్చిన మనిషిని వెంటబెట్టుకోండి. చదువు రానివాళ్లకు చదివి వినిపించేటప్పుడు స్టడీతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి, వేలిముద్ర ఆ తర్వాతే. అది కూడా వెంటనే వేయించుకోకుండా, “మేం ఏం చేస్తామన్నాం అక్కా?” అని అడిగి చూడండి. “సర్కారోళ్లు రక్తం చూసి మందులిస్తరు గదా” అందంటే ఆమెకు అర్థం కాలేదన్నమాట. 2023 నుంచి ప్రభుత్వ సికిల్ సెల్ మిషన్ పరీక్షలు నడుస్తున్నాయి కాబట్టి రెండూ ఒకటే అనుకోవడం సహజం. మాది పరిశోధన, దీనివల్ల మీ పాపకు నేరుగా లాభం ఉండకపోవచ్చు, వద్దన్నా మీకు రావాల్సిన మందులు ఎక్కడికీ పోవు అని మళ్లీ మొదటినుంచి చెప్పండి, విసుక్కోకుండా.

పిల్లల్నీ అడగాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్లవాళ్లు తల్లిదండ్రుల ఎదుట నోటిమాటగా ఒప్పుకుంటే చాలు, దాన్ని నమోదు చేయాలి. 12 దాటితే రాతపూర్వకంగా. సార్ కళ్లెర్రజేస్తే ఏ పిల్లాడైనా చెయ్యి చాపుతాడు, అందుకే ఆ సమయంలో టీచర్లను బయటికి పంపండి. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నా పిల్ల చెయ్యి లాగేసుకుంటే పేరు కొట్టేసి తర్వాతివాళ్ల దగ్గరికి పోండి. బుజ్జగింపులు, చాక్లెట్లు వద్దు. తల్లికి దారిఖర్చు, పోయిన కూలి ఇవ్వొచ్చు, ఆశ పుట్టేంత మాత్రం ఇవ్వకండి.

ఇక ఫలితాలు. నోటీసు బోర్డు మీద లిస్టు అంటించడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం లాంటివి చేయొద్దు. ఫలానావాళ్ల పిల్లకు సికిల్ ఉందట అని ఊళ్లో పడితే రేపు ఆ పిల్ల పెళ్లికి అడ్డం, ఆమె కేవలం క్యారియర్ (జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రమే ఉన్న మనిషి) అయినా సరే, ఆ తేడా ఎవడూ వినడు. కవర్లో పెట్టి తల్లిదండ్రుల చేతికే ఇవ్వండి, జబ్బున్న పిల్లలకు ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఎవరిని కలవాలో కూడా అప్పుడే చెప్పండి.