బ్రౌజర్‌లో సాలిటేర్ ఆడడం ఎలా?

మే నెల మధ్యాహ్నం బెజవాడలో బయట అడుగు పెట్టలేం. పేకాటకు నలుగురూ కుదరరు. అలాంటప్పుడు ఒక్కరే కూర్చుని ఆడుకోవడానికి సాలిటేర్ ఉంది. 1990లో విండోస్ 3.0తో వచ్చి ఆఫీసు కంప్యూటర్లలో తిష్ఠ వేసిన ఆటే. ఇప్పుడు ఫోన్‌లో కూడా, ఏదీ డౌన్‌లోడ్ చేయకుండానే ఆడొచ్చు.

ముందు బ్రౌజర్‌లో 'క్లోండైక్ సాలిటేర్' అని వెతకండి, ఆ పాత విండోస్ ఆట అసలు పేరు ఇదే. లాగిన్, ఫోన్ నంబరు అడిగే సైటుని వదిలేయండి, అడగనివి బోలెడు. 'ఆడండి, డబ్బు గెలవండి' అనేవాటి జోలికి అసలు పోవద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు.

కట్టలోంచి ఒక్కో ముక్క తీయాలా, మూడేసి తీయాలా అని సెట్టింగ్స్‌లో ఉంటుంది. కొత్తవాళ్లు ఒక్కోటే పెట్టుకోండి.

ఇక ఆట. ఏడు వరుసల్లో 28 ముక్కలు పడతాయి, ఒక్కో వరుసలో చివరిది మాత్రమే తెరిచి ఉంటుంది. మిగతా 24 కట్టలో ఉంటాయి. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు దేనికదే ఆసు నుంచి రాజు దాకా పై గళ్లలోకి చేర్చాలి. కింద వరుసల్లో మాత్రం ఒక ముక్క మీద దానికన్నా ఒక్కటి తక్కువది, ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు. ఇస్పేటు తొమ్మిది మీద ఆఠీను ఎనిమిది పడుతుంది, కళావరు ఎనిమిది పడదు. రమ్మీ చేయి ఉన్నవాళ్లు ఇక్కడే తడబడతారు, సీక్వెన్స్ అంటే ఒకే గుర్తు అని అలవాటు కదా!

కట్ట ముట్టుకునే ముందు కింద కదిలే ముక్క ఉందేమో చూడండి. నల్ల ఏడులు రెండు ఉండి, ఎర్ర ఎనిమిది ఒక్కటే ఉందనుకోండి. ఏ ఏడు కింద మూసిన ముక్కలు ఎక్కువున్నాయో దాన్నే జరపండి. ఖాళీ వరుసలోకి రాజు తప్ప ఇంకేదీ రాదు, కాబట్టి చేతికి రాజు అందకుండా వరుస ఖాళీ చేసి లాభం లేదు.

ఇరుక్కుంటే అన్‌డూ నొక్కండి. అప్పటికీ తేలకపోతే టెన్షన్ పడకుండా కొత్త ఆట వేసుకోండి, గెలవడం వీలుకాని పంపకాలు కొన్ని పడుతూనే ఉంటాయి.

చేయి తిరిగాక ఫ్రీసెల్ అనే ఇంకో రకం సాలిటేర్ పట్టండి. 52 ముక్కలూ తెరిచే ఉంటాయి, అదృష్టానికి పెద్దగా చోటు లేదు. పాత విండోస్ ఫ్రీసెల్‌లోని 32,000 ఆటల్లో తేలనిది ఒక్కటే, నంబరు 11982. ఆ నంబర్లే వాడే సైటు దొరికితే, మీ బావమరిదికి అదే ఇవ్వండి.