అడాస్ ఉన్న కారు ఇబ్బంది పెడుతుంటే: కారణం ఎక్కడుంది, ఏం చేయాలి

2021లో ఎక్స్‌యూవీ700, ఆస్టర్ లాంటి బండ్లతో అడాస్, అంటే కెమెరా, రాడార్‌లతో రోడ్డును చూస్తూ డ్రైవర్‌కి సాయపడే సౌకర్యాలు, మన మధ్యతరగతి ఇళ్ల ముందుకు వచ్చాయి. ఇప్పుడు చిన్న ఎస్‌యూవీల్లో కూడా దొరుకుతున్నాయి. వాడేవాళ్ల ఫిర్యాదుల్లో చాలావాటికి కారులో లోపమేమీ ఉండదు. కెమెరా, రాడార్ చూసి అర్థం చేసుకోగలిగేదానికీ మన రోడ్డు మీద జరిగేదానికీ పొంతన కుదరక వచ్చే ఇబ్బందులే ఎక్కువ.

ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. గుద్దబోతున్నప్పుడు తనంతట తానే బ్రేక్ వేసే ఎమర్జెన్సీ బ్రేక్ వేరు. ముందు బండిని బట్టి వేగం మార్చే అడాప్టివ్ క్రూజ్, గీతల మధ్య నడిపించే లేన్ అసిస్ట్ వేరు. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ లెక్కల ప్రకారం, ఎమర్జెన్సీ బ్రేక్ ఉన్న కార్లు ముందు బండిని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు దాదాపు సగానికి తగ్గాయి. క్రూజ్, లేన్ అసిస్ట్ కలిసి పనిచేసే సౌకర్యం వల్ల ప్రమాదాలు తగ్గాయనడానికి మాత్రం సరైన ఆధారం దొరకలేదని అదే సంస్థ 2024లో చెప్పింది. అందుకే నా సలహా ఒక్కటే: మొదటిదాన్ని ఎప్పుడూ ఆపొద్దు, మిగతా రెండింటినీ రోడ్డును బట్టి వాడండి.

"కెమెరా కనిపించడం లేదు, రాడార్ పనిచేయడం లేదు అని మెసేజ్ వస్తోంది"

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసే ముందు కారు ముందుకు వెళ్లి చూడండి. రాడార్ సాధారణంగా ముందు లోగో వెనకో, బంపర్ కింది భాగంలోనో ఉంటుంది. బండి పూజలో దాని మీద పసుపు, కుంకుమ పూసి ఉంటారు. దసరా దండ అలాగే వేలాడుతుంటుంది. నిమ్మకాయలు, మిరపకాయలు సరిగ్గా రాడార్ ముందే కట్టి ఉంటాయి. పూజ మానమని అనడం లేదు. బొట్టు బానెట్ మీద పెట్టండి, దండ ఊరేగింపు అయ్యాక తీసేయండి, నిమ్మకాయలు ఓ పక్కకు కట్టండి. ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డు కూడా రాడార్‌కి అడ్డమే, పైగా కార్లకు దాన్ని కేంద్రం 2017లోనే వద్దంది.

కెమెరా ముందు అద్దం మధ్యలో, మిర్రర్ వెనక ఉంటుంది. ఫాస్టాగ్ అంటించేది కూడా అక్కడే! స్టిక్కర్ గానీ డ్యాష్‌క్యామ్ గానీ కెమెరా చూపుకి అడ్డం వస్తే పక్కకు మార్చాలి. ఫాస్టాగ్ పీకితే పనికిరాకుండా పోతుంది కాబట్టి కొత్తది తీసుకోవాల్సి వస్తుంది. అద్దం లోపలివైపు సన్నని మసక పొర పట్టినా, కారులో అగరుబత్తి వెలిగించే అలవాటున్నా ఇదే మెసేజ్ వస్తుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. జోరు వానలోనో పొగమంచులోనో వస్తే అది రిపేరు కాదు, ఆ కాసేపు మీరే నడపాలి.

"ఎదురుగా ఏమీ లేకపోయినా బ్రేక్ వేసేస్తోంది"

మలుపులో పక్క లేన్ లారీ మీ దారిలోనే ఉన్నట్టు రాడార్‌కి అనిపిస్తుంది. సిటీలో ఆటో సందు చూసుకుని దూరినా, బైకు బంపర్‌ని రాసుకుంటూ వెళ్లినా అంతే. మనకు అది రోజూ ఉండేదే, కారుకి ప్రమాదం. సడన్ బ్రేక్ పడితే వెనక వచ్చేవాడు గుద్దుతాడన్న టెన్షన్ సహజం.

హెచ్చరిక ఎంత ముందుగా రావాలో సెట్టింగ్స్‌లో ఉంటుంది, సిటీలో దాన్ని ఆలస్యంగా వచ్చేలా పెట్టండి. ఊళ్లో అడాప్టివ్ క్రూజ్ ఆపేయండి. బైకులు, ఆటోలు రాని హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట్ల అది హాయిగా పనిచేస్తుంది. అనవసరంగా బ్రేక్ పడిందని తేలితే యాక్సిలరేటర్ తొక్కండి, చాలా కార్లలో వదిలేస్తుంది. ఖాళీ రోడ్డు మీద కూడా పదేపదే అలాగే చేస్తుంటే అప్పుడు రాడార్ చూపు పక్కకు తిరిగిందేమో అనుమానించాలి.

"స్టీరింగ్ తనే లాగుతోంది"

లేన్ అసిస్ట్ చూసేది గీతలనే. రోడ్డు వెడల్పు చేశాక చెరపని పాత గీత, గుంతలు పూడ్చిన తారు చారలు కూడా దానికి గీతల్లాగే కనిపిస్తాయి. సింగిల్ రోడ్డు మీద సైకిల్‌కి దారి ఇవ్వడానికి ఇండికేటర్ వేయకుండా జరిగారా, గీత దాటుతున్నారనుకుని వెనక్కి లాగుతుంది. డివైడర్ లేని రోడ్లన్నింటి మీదా దీన్ని ఆపేయడమే మంచిది. ఆపాక కూడా ఓ పక్కకే లాగుతుంటే వీల్ అలైన్‌మెంట్, టైర్లలో గాలి చూపించండి.

"రాత్రి ఆగి ఉన్న లారీని గుర్తించలేదు"

ప్రాణం తీసేది ఇదే. సెట్టింగ్ మారిస్తే పోయే సమస్య కూడా కాదు.

కదిలే బండి వేగాన్ని రాడార్ చక్కగా కొలుస్తుంది. కదలని వాటిలో ఏది రోడ్డుకు అడ్డంగా ఉంది, ఏది పక్కనున్న సైన్‌బోర్డు, ఏది పైనున్న ఫ్లైఓవర్ అన్నది తేల్చడం దానికి కష్టం. ప్రతిదానికీ బ్రేక్ వేస్తే కారు నడవదు. అందుకని ఎక్కువ వేగంలో చాలా సిస్టమ్స్ కదలని వస్తువు విషయంలో రాడార్ మాట ఒక్కటే నమ్మవు, కెమెరాకి కూడా కనిపించాలి. టెయిల్ లైట్లు, రిఫ్లెక్టర్లు లేని లారీ చీకట్లో కెమెరాకి సరిగా కనిపించదు. దీపాలు లేని రోడ్ల మీద రాత్రిపూట పాదచారుల ప్రమాదాలు ఎమర్జెన్సీ బ్రేక్ వల్ల తగ్గలేదని ఐఐహెచ్ఎస్ 2022లో తేల్చింది.

మన రోడ్ల మీద ఇంకా చాలా ఉంటాయి. పత్తి లోడుతో లైటు లేకుండా వెళ్లే ట్రాక్టర్, ట్రాలీ వెనక పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, నల్ల గేదెలు. వరి కోతలప్పుడు రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం, దాని మీద కప్పిన పట్టా, చుట్టూ పేర్చిన రాళ్లు. వీటిని గుర్తుపడుతుందని ఏ కారునూ నమ్మొద్దు.

చేయగలిగింది వేగం తగ్గించడమే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అడ్డంకిని చూసి బ్రేక్ తొక్కడానికి ఒకటిన్నర సెకను పడితే అప్పటికే దాదాపు 42 మీటర్లు వెళ్లిపోతారు. ఆపైన పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 56 మీటర్లు, మొత్తం 98. లో బీమ్‌లో చీకటి రంగు వస్తువు స్పష్టంగా కనిపించేది 50, 60 మీటర్ల లోపే. 70 కిలోమీటర్ల వేగంలో మొత్తం 57 మీటర్లకు ఆగుతారు. అంటే లో బీమ్‌తో 70 దాటితే మీకు కనిపించే దూరంలో మీరు ఆగలేరు. ఎదురుగా బండ్లు లేనప్పుడు హై బీమ్ వేయండి. రాత్రి క్రూజ్ పెట్టుకుని పాదాలు దూరంగా పెట్టొద్దు, స్పందించే ఆ ఒకటిన్నర సెకను ఇంకా పెరుగుతుంది. ఆగి ఉన్న బండిని ఎంత వేగం వరకు గుర్తిస్తుందో మాన్యువల్లో ఉంటే చదవండి, ఇంట్లో ఆ కారు నడిపే అందరికీ చెప్పండి.

"ఒకటే బీప్‌లు, విసుగొచ్చి అన్నీ ఆపేశాం"

దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. బీప్‌ల విసుగుతో ఎమర్జెన్సీ బ్రేక్ కూడా ఆపేస్తే, అదనంగా డబ్బు పెట్టి కొన్న రక్షణ పోయినట్టే. లేన్ హెచ్చరిక శబ్దం బదులు స్టీరింగ్ వణుకు పెట్టుకునే వీలుంటే అది ఎంచుకోండి. ముందు బండి కదిలిందని చెప్పే బీప్ ఆపేయొచ్చు. మిర్రర్లలో కనిపించని పక్క బండి గురించి చెప్పే బ్లైండ్ స్పాట్ హెచ్చరిక, రివర్స్‌లో అడ్డం వచ్చే బండ్ల హెచ్చరిక ఉంచండి, ఎమర్జెన్సీ బ్రేక్ తప్పకుండా ఉంచండి. స్టీరింగ్ మీద చేతులు పెట్టమనే బీప్ రాకుండా దానికి బాటిల్ కట్టే వీడియోలు తిరుగుతున్నాయి. ఆ పని ఎవరూ చేయొద్దు, ఆ బండిలో పిల్లలు కూడా ఉంటారు.

"బంపర్ మార్పించాక, అద్దం మార్పించాక తేడాగా ఉంది"

రాడార్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 100 మీటర్ల దూరంలో దాని చూపు 1.75 మీటర్లు జరుగుతుంది. హైవే లేన్ వెడల్పు మూడున్నర మీటర్లు, అంటే సగం లేన్ తప్పిపోతుంది. బయటి షాపులో అద్దం మార్చినా, బంపర్‌కి మందంగా రంగు వేయించినా కెమెరా, రాడార్‌లకు క్యాలిబ్రేషన్ (వాటి చూపును మళ్లీ సరిచేసి పెట్టడం) అవసరమేమో కంపెనీ సర్వీస్‌లో అడగండి. అవసరమన్నప్పుడు చేయించి, కాగితం తీసుకోండి. ప్రమాదం తర్వాత క్లెయిమ్ వేసేటప్పుడు ఎస్టిమేట్‌లో ఆ ఖర్చు రాయించడం మరవొద్దు. సెకండ్ హ్యాండ్‌లో అడాస్ కారు కొంటుంటే ముందు అద్దం ఒరిజినలేనా, బంపర్‌కి రంగు పడిందా చూసి, ఆ క్యాలిబ్రేషన్ కాగితం అడగండి.